నోట్లో పెట్టని చెయ్యి

నా చిన్నప్పుడు నా కుడిచేతికి మా ఊళ్ళో ఒక ఉద్యోగం ఉండేది. మాది మండికల్ దగ్గర నాలుగు వీధుల ఊరు. మామిడికాయల కాలం వస్తే చాలు, తోటల్లో దూరిన ఆవులు రాలిన కాయల్ని గబగబా మింగి టెంక గొంతులో ఇరికించుకునేవి. మా తాత గొడ్లకు నాటువైద్యం చేసేవాడు. ఆయన చేతులేమో చేటలంత, గొంతులోకి దూరవు. అందుకని ఆవు దవడల మధ్య అడ్డంగా కట్టె పెట్టి, తాత నాలుక పక్కకు లాగి పట్టుకుంటే, తొమ్మిదేళ్ళ నేను నా పుల్లలాంటి చెయ్యి మోచెయ్యి దాటేదాకా లోపలికి పెట్టి టెంక బయటికి లాగేదాన్ని. పక్క ఊళ్ళ నుంచి కూడా నన్ను పిలుచుకుపోయేవాళ్ళు. బడిలో లెక్కలు రాకపోయినా ఈ పని వచ్చునని నాకు చెప్పలేనంత గర్వం.

ఆ ఏడు చలికాలంలో మా అవ్వ పోయింది. చివరి పదిరోజులూ గొంతు మూసుకుపోయి గుక్కెడు నీళ్ళు కూడా దిగలేదు. మాట పోయి, బొంగురుగా, ఎక్కడో బావిలోనుంచి వచ్చినట్టు సాగదీసిన ఒక కేక మాత్రం మిగిలింది. మధ్యాహ్నాలు అందరూ చేలో ఉన్నప్పుడు అవ్వ నా వైపు చూసి అలా కేక పెట్టేది. నీళ్ళ కోసమేనని నాకు తెలుసు. ఆ గొంతుకు భయపడి నేను దగ్గరికి పోలేదు. ఈ సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పుకోలేదు.

అవ్వ దూడప్పటి నుంచి పెంచుకున్న ఎర్రావు ఒకటి ఉండేది. మామిడికాయల కాలం మొదలైన కొత్తలో అది మేత మానేసింది. నేనప్పుడు చింతామణిలో మా అత్త ఇంట్లో ఉన్నాను. నోటినుంచి తీగలు తీగలుగా చొంగ కారుతుంటే టెంకే అనుకుని తాత గొడ్ల ఆస్పత్రి డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు. ఆవు తల గుంజకు కట్టేసి, తాత నాలుక పట్టుకుంటే, ఆయన చెయ్యి పెట్టి అందినంత మేర వెతికాడట. ఏమీ దొరకలేదు. ఇంకా లోపల ఎక్కడో ఉంటుందని, మర్నాడు చిక్కబళ్ళాపురలో డాక్టర్లకు తరబేతి ఉందని, అది ముగించుకుని సాయంత్రం మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడట. శిక్షణను మా వైపు తరబేతి అనే అంటారు.

మర్నాడు మధ్యాహ్నం నేను బస్సు దిగి నడిచి వస్తున్నాను. ఎండకు వీధిలో పిట్ట కూడా లేదు. మా సందు మొదట్లో ఉండగానే అవ్వ కేక వినిపించింది. అదే బొంగురు, అదే సాగదీత, చివర్న అదే విరుపు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. కాసేపటికి మళ్ళీ వినిపించింది.

ఇంటి ముందర మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. పక్కింటి అక్క పశువుల కొట్టం గడప మీద దీపం వెలిగించి చెంబెడు నీళ్ళు పెట్టింది. నన్ను చూసి గొంతు తగ్గించి, "అవ్వ వచ్చిండాదమ్మా. దాహమని అడుగుతాండాది" అంది. లోపల ఎర్రావు బకెట్టులో మూతి ముంచి నిలబడింది. నీళ్ళు మూతికి తగులుతున్నాయి, ఒక్క గుక్క కూడా దిగడం లేదు. మెల్లగా తలెత్తి, నన్ను కాకుండా నా తలమీదుగా అవ్వ మంచం వేసి ఉండిన మా ఇంటి చావడి మూల వైపు చూసింది. అప్పుడు దాని నోటినుంచి ఆ కేక వచ్చింది.

మా తాత దయ్యాలను నమ్మే మనిషి కాదు. ఆరోజు మాత్రం ఆవు ముందర చతికిలబడి, "ఏమి కావాల నీకు? చెప్పు, ఏమి కావాల?" అని అడుగుతున్నాడు. అవ్వతో మాట్లాడే గొంతుతోనే అడుగుతున్నాడు. నాకు కేక కన్నా అదే ఎక్కువ భయం పుట్టించింది.

నన్ను చూడగానే ఆయన ముఖం తేటపడింది. టెంక తీస్తే నీళ్ళు తాగుతుంది, నీళ్ళు తాగితే అన్నీ సర్దుకుంటాయి అన్నాడు. నేను వెనకాడలేదు. అవ్వకు ఇవ్వని నీళ్ళు ఇప్పుడు ఇవ్వొచ్చనిపించింది. రవిక చెయ్యి పైకి మడిచాను. ముందు వారం ముళ్ళకంపకు గీసుకుపోయిన గాట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. తాత కట్టె అడ్డం పెట్టి నాలుక పట్టుకున్నాడు. ఆవు ఊపిరి నా వేళ్ళకు వేడిగా తగిలింది.

"చెయ్యి తియ్యమ్మా! ఎనక్కి తియ్యి!"

కేకతోపాటే డాక్టరు గడప దాటి వచ్చి నన్ను నడుం పట్టి లాగి బయటికి తోసేశాడు. చెంబు తన్నుకుని నీళ్ళన్నీ ఒలికిపోయాయి. ఆయన చొక్కా అంతా చెమట, సైకిలు వీధిలో పడి ఉంది. గసపోసుకుంటూ ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ మాట మాటా గుర్తుంది.

"నిన్న నేను చెప్పింది తప్పప్పా. ఇది టెంక కాదు, పిచ్చి. నాకు నిన్న తెలీదు, ఈ పొద్దే తెలిసింది. నీ ఆవును కుక్క గానీ కరిచిందా?"

ఒకటిన్నర నెల కిందట గడ్డివామి దగ్గర ఒక ఊరకుక్క ఆవు మూతి పట్టుకుందని, పసుపు రాసి ఊరుకున్నామని తాత చెప్పాడు.

తరబేతిలో ఒక పెద్దాయన పాఠం చెప్తూ, ఆవు మింగలేకపోతే, చొంగ కారుస్తుంటే, గొంతు మారిపోయి అరుస్తుంటే మీలో ఎంతమంది నోట్లో చెయ్యి పెట్టి చూస్తారని అడిగాడట. గదిలో అందరూ చేతులెత్తారు. మన డాక్టరూ ఎత్తాడు. ఎత్తిన చెయ్యి మీద ముందురోజు పంటి గీరలు కనబడుతూనే ఉన్నాయి. సరిగ్గా ఆ చేతులతోనే పిచ్చి మనకు ఎక్కుతుందని పెద్దాయన చెప్పాడట. మా కొట్టంలో నిలబడి మా ఎర్రావును చూసి చెప్తున్నట్టే ఉందట. సగం పాఠంలో లేచి, దొరికిన బస్సెక్కి, దిగిన చోటి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చేశాడు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. నాలుక పట్టుకున్న తాత వేళ్ళ నిండా పగుళ్ళే. ఆ కాలంలో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకోవాలి. తాత ససేమిరా అన్నాడు. తన ఇంటి ఆవు ఎంగిలి తననేమీ చెయ్యదట. అమ్మ ఏడ్చి కాళ్ళు పట్టుకున్నా కదల్లేదు. డాక్టరు వాదించలేదు. తాత పక్కన అరుగు మీద కూర్చుని, గీరలు పడిన చెయ్యి చూపించి, "నాకు సూదులంటే శానా భయమప్పా. ఒక్కన్నే పోలేను. నువ్వొచ్చి పక్కన కూర్చుంటే చాలు" అన్నాడు. బెదిరిన గొడ్లను నిమిరి నిలబెట్టడమే బతుకంతా చేసిన మా తాత తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. పక్కన కూర్చున్నవాడికీ సూది పడింది. పద్నాలుగు రోజులూ ఇద్దరూ ఒకే బస్సులో పోయి వచ్చారు. ఆ పిల్లోడు ఎంత పిరికివాడో తాత ఊరంతా చెప్పి నవ్వాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ డాక్టరును కలిసి ఈ మాట ఎత్తితే, రోజూ సూదులు పొడిచే పనివాడికి సూదంటే భయమేమిటమ్మా అని ఆయన కూడా నవ్వాడు.

ఎర్రావు మూడోరోజు మధ్యాహ్నం పోయింది. అప్పటిదాకా ఆ కేక ఆగలేదు. చర్మం ఒలవనివ్వకుండా, లోతుగా గుంత తీయించి, సున్నం పోసి పూడ్పించాడు డాక్టరు.

నేను గొడ్ల డాక్టరునై, పనిచేసి, రిటైరయ్యాను. ఇప్పుడు తరబేతులు ఫోనులోనే వస్తున్నాయి. వయసైపోయినదానివి, ఇంకా ఆ పాఠాలెందుకని మనవరాలు ఎగతాళి చేస్తుంది. ఒక్క పూట పాఠమే నా చేతికీ ఆవు నోటికీ మధ్య నిలబడిందని దానికెలా చెప్పను? నిన్న నాకు తెలీదు, ఈ పొద్దే తెలిసింది అని పదిమంది ముందు చెప్పగలగడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ మాట చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ సిగ్గేసింది, ప్రతిసారీ చెప్పాను.

అప్పుడప్పుడు నన్ను చిక్కబళ్ళాపురకు పిలిచి కుర్ర డాక్టర్లకు నాలుగు మాటలు చెప్పమంటారు. నేనూ అదే ప్రశ్న అడుగుతాను. ఇప్పటికీ కొన్ని చేతులు లేస్తాయి. గొంతు నరాలు చచ్చుబడటం వల్ల ఆవు అరుపు అలా మారుతుందని బొమ్మ గీసి వివరిస్తాను. నేను చెప్పేది నిజమేనని నాకు తెలుసు. పాఠం ముగిశాక ఎవరో ఒకరు నీళ్ళ సీసా తెచ్చి ఇస్తారు. మూత తీస్తాను గానీ, ఒకసారి వెనక్కి తిరిగి గది మూలకు చూసుకోకుండా ఆ నీళ్ళు నాకు గొంతు దిగవు.