పొలంలో అనకూడని మాట

ఒరే బుడ్డా... పలకవని తెలిసే పిలుస్తున్నాను.

మా చిన్నప్పుడు... తొలకరి పడగానే మా నాయనమ్మ విత్తనం చోళ్లు, అంటే రాగులు, కొంగులో పోసుకుని మా కొండవాలు పొలంలోకి దిగేది. వెనకాలే నేను. ఆవిడ ఒక్కో చోట ఆగి ఒక పేరు పిలిచేది. గుప్పెడు చోళ్లు విసిరి "తిను" అనేది.

ఆ పేర్లన్నీ ఆ పొలంలో ప్రాణం పోయినవాళ్లవి.

"పొట్టెమ్మా... తిను." అడవి కొట్టి ఈ పొలం చేసిన మొదటి మనిషి ఆవిడే. దుంపలు తవ్వుతుంటే పులి మెడ పట్టుకుంది. మొగుడు గొడ్డలితో పరిగెత్తుకొచ్చేసరికి కాళ్లే మిగిలాయట.

"కొండా... తిను." శిస్తు కట్టలేదని, దాన్ని వసూలు చేసే ముఠాదారు మనిషి ఒకడు అతని రెండు చేతులూ నరికేశాడు. నెత్తురు కారి కారి, పొద్దు గూకేసరికి పోయాడు.

"మీసాలోడా... తిను." వీడు మావాడు కాదు. ఆ చేతులు నరికినవాడు! కొండడి పెళ్లాం వెనక నుంచి వచ్చి వాడి తల బద్దలు కొట్టింది.

"వాడికెందుకే పెట్టడం?" అని అడిగాను.

"వోడి నెత్తురూ ఇందులోనే పడ్డాది గదే గుంటా. ఆకలి వోడికీ ఉంటాది." మళ్లీ అంది... "అమ్మ పిలిసిన ముద్దుపేరుతో పిలిత్తేనే సచ్చినోళ్లు ఇటు సూత్తారు. ఈడి పేరు ఎవులూ అడగలేదు. అందుకే ఆ మూల ఏటీ మొలవదు."

నిజమే. ఆ మూల ఎప్పుడూ బోడిగానే ఉండేది.

తర్వాత తెల్లదొరల పోలీసులు పాకకు నిప్పుపెడితే లోపల కాలిపోయిన అక్కాచెల్లెళ్లు... వాళ్ల పేర్లు. చివరికి మా తాత. షావుకారి మనుషులు గట్టు మీద కర్రలతో కొట్టి చంపారు. మొగుడి పేరు ఏనాడూ నోట పలకని మా నాయనమ్మ, అక్కడ మాత్రం అత్తగారు పిలిచినట్టే "చిన్నోడా..." అని పిలిచేది.

అందుకే ఆ పొలంలో బతికున్న మనిషిని "తిను" అనకూడదు. అంబలి ఇస్తే "ముట్టు" అనాలి. ఒకసారి మా అయ్యకు అడ్డాకు దొప్పలో అంబలి పోసి "తిను అయ్యా" అనేశాను. నాయనమ్మ కొట్టిన దెబ్బకు చెవి గుయ్‌మంది.

"ఏటే సేత్తన్నావు? అయ్యని సంపేత్తావా?"

మా అయ్య మాత్రం నవ్వాడు. "నానింకా సావలేదులేయే అమ్మా, ఆకలేస్తంది" అన్నాడు.

నా కొడుకువి, నీకూ అలాగే నేర్పాను కదా బుడ్డా... ఆ పొలంలో నీతో ఎప్పుడూ "ముట్టు" అనే అన్నాను.

పోయిన ఏడు కోతలప్పుడు క్వారీవాళ్లు పండిన చేలో నుంచి రోడ్డు వేస్తామని పొక్లెయిన్ తెచ్చారు. నువ్వు గొడ్డలి పట్టుకుని అడ్డం నిలబడ్డావు. వాళ్లు కూలికి తెచ్చుకున్న కుర్రాడొకడు ఇనుప రాడ్డుతో నీ తల మీద కొట్టాడు. పడిపోతూనే నువ్వు విసిరిన గొడ్డలి వాడి మెడలో దిగింది. మీరిద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. నేను వెళ్లి విడదీస్తుంటే ఏ నెత్తురు ఎవరిదో తెలియలేదు... చోడి కంకులన్నీ ఎర్రగా అయిపోయాయి.

రోడ్డు ఆగింది. మళ్లీ వస్తారంటున్నారు.

ఈ ఏడు వాన పడింది. విత్తనం చల్లాల్సింది ఇప్పుడు నేనే. నిన్ను కొట్టిన ఆ కుర్రాడికి పెట్టకూడదనే అనుకున్నాను. కానీ పొలంలోకి దిగితే ఆ బోడి మూలే కళ్లముందు... ఇంకో మూల అలా కాకూడదని పాచిపెంట సంతకు వెళ్లాను. వాడి తల్లి అక్కడ ఎండుచేపలు అమ్ముతుంది. పోస్టుమార్టం రోజు ఇద్దరం ఒకే గోడకు ఆనుకుని కూర్చున్నాం... చూడగానే గుర్తుపట్టింది.

"ఏటి? తిట్టడానికొచ్చావా, కొట్టడానికొచ్చావా?"

"మీ గుంటడిని ఇంట్లో ఏటని పిలిసేదానివి?"

"ఎందుకూ?"

"కూడు పెట్టడానికి."

ఆవిడ చాలాసేపు చేపలు సర్దుతూనే ఉంది. చివరికి తలెత్తకుండా, "సిలకా అనీదాన్ని" అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వోడికి కారం పడదు" అంది.

"చోళ్లల్లో కారం ఉండదులే" అన్నాను.

మర్నాడు పొద్దున్నే పొలంలోకి దిగాను. పొట్టెమ్మ దగ్గర మొదలుపెట్టి అందరినీ పిలిచాను. "సిలకా... తిను" అని పళ్లు బిగించుకునైనా అనగలిగాను.

చివరికి నీ చోటుకు వచ్చానురా. ఆ మాట అంటే నువ్వు లేనట్టే కదా... ముందు "ముట్టు బాబూ" అన్నాను. కాసేపు చూశాను. ఎవరు ముడతారు...

"బుడ్డా... తిను."

అనేశాను.

మొన్న చూస్తే మొలకలు వచ్చాయి. మీ ఇద్దరి చోటూ పచ్చగానే ఉంది.

మా రోజుల్లో ప్రతి బిడ్డకూ అమ్మ ఒక్కతే పిలిచే పేరు ఉండేది... ఇప్పుడు పుట్టగానే ఆధార్ కార్డులో రాయించిన పేరే ఇంట్లోనూ పిలుస్తున్నారు. ఇది చదువుతున్న మిమ్మల్ని మీ అమ్మ ఏమని పిలిచేది? గుర్తుంటే కింద రాయండి... చదువుకుంటాను.

మీరు మా పొలంలో లేరు కాబట్టి మీతో ఆ మాట అనొచ్చు.

కడుపు నిండా తినండి.