పేజీ అడుగున మంత్రసానులు

నేను ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. సహకార సంఘానికి కార్యదర్శిగా చేశాను, ఊరికి తారురోడ్డు తెప్పించాను. మా తమ్ముడి కూతురికి పుట్టుకతోనే చూపు లేదు. దాని కోసం యాభై దాటాక చుక్కల లిపి, అదే బ్రెయిలీ, నేర్చుకుని, దాని వేలు పట్టి మొదటి అక్షరం తడిమించిందీ నేనే. ఆ పిల్ల సంగతి రాయడానికి నాకున్న అర్హత తెలియాలని ఇదంతా చెబుతున్నాను.

పిల్ల ఇప్పుడు పిల్ల కాదు. విశ్వవిద్యాలయంలో మంత్రసానుల చరిత్ర మీద పరిశోధన చేస్తోంది. పొట్టకూటికి, చూపులేనివాళ్ళు చెవులతో ఆడే కంప్యూటర్ ఆటల్ని పరీక్షిస్తుంది. శత్రువు అడుగులు ఏ చెవిలో వినబడాలో కంపెనీవాళ్ళతో పోట్లాడి మరీ దిద్దిస్తుంది. అలాంటిదానికి గ్రంథాలయంలో పుణ్యాత్ముడు తగిలాడు.

అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఆయనకూ ఇష్టమే. చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే సంఘానికి పెద్ద. ఏ పుస్తకమైనా ఒకటే తంతు: ముందు సంగీతం, మధ్యలో గద్గదస్వరం, చివర తన పేరు. ముష్టి వేసినట్టు చదివే మనిషికి, వినేవాళ్ళకు ఏం కావాలో అడగాలని తోచదు. మా పిల్లకు కావలసిన పాత పుస్తకంలో పైనంతా డాక్టర్ల ఉపన్యాసం. మంత్రసానులు చెప్పుకున్న మాటలు పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఉన్నాయి. ఈ మహానుభావుడు "వివరాలకు కింద చూడండి" అని గంభీరంగా చదివి, కిందిది వదిలేసి పేజీ తిప్పేశాడు.

తన పరిశోధన గ్రంథంలో చివరి అధ్యాయం సోమవారం గైడుకు ఇవ్వకపోతే పిల్లకు ఆ ఏడు పట్టా లేదు. శనివారం ఇద్దరం గ్రంథాలయానికి, పుణ్యాత్ముడి దగ్గరికి వెళ్ళాం.

"పేజీ కింద ఏముందండీ?" అని అడిగింది పిల్ల.

"చీమల బారు తల్లీ. విషయం అర్థమైంది కదా, చాలదూ?"

"నాకు ఆ చీమలే కావాలండీ. పేజీ నంబర్లు కూడా."

"ఆ ఆటలు కాస్త మానితే ఇలాంటి పేచీలు రావు. రేపు మా వార్షికోత్సవం. వేదికెక్కి మా గురించి రెండు ముక్కలు చెప్పు. తరవాత తీరిగ్గా మళ్ళీ చదువుతాను."

"మీ తీరిక మాకెందుకండీ, పుస్తకం ఇప్పించండి" అన్నాను.

"బయటికివ్వం పెద్దాయనా. రూలు."

"అయితే ఇక్కడే కూర్చుంటాం" అంది పిల్ల.

ఆదివారం గ్రంథాలయం కింది హాల్లో వార్షికోత్సవం చప్పట్లు, పైగదిలో మేం. గ్రంథాలయం ఉద్యోగిని పుస్తకం తెచ్చిచ్చి, మూలనున్న స్కానర్ మీంచి పూలకుండీ దించింది. సంఘానికి ఎవరో దానమిచ్చిన యంత్రం. దాన్ని బల్లగా వాడుకుంటున్నారు. నేను స్కానర్ మీద పేజీలు తిప్పాను. పిల్ల తెచ్చుకున్న కంప్యూటర్ వాటిని పైకి ముక్కుతో గొణిగింది, అక్కడక్కడ అక్షరం మింగింది, కాని అడుగు దాకా చదివింది. ఆ గొంతును మూడింతల వేగంతో వింటూ పిల్ల టైపు చేసుకుపోతుంటే, నా చెవికి కందిరీగలు తిరుగుతున్నట్టుంది.

పుణ్యాత్ముడు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు. "కింద అందరూ నీకోసం చూస్తున్నారమ్మా. ఈ ముక్కుగొంతుకు నా గొంతు తీసిపోయిందా?"

"మీదే బాగుంటుందండీ. ఇది మాత్రం ఏదీ ఎగ్గొట్టదు. కాస్త పక్కకు జరగండి, పెదనాన్నకు వెలుతురు రాకుండా అడ్డమున్నారు."

సోమవారం అధ్యాయం గైడు చేతికి అందింది. సాయంత్రం సంఘంవాళ్ళు పిల్లకివ్వాల్సిన జ్ఞాపికను ఇంటికి పంపారు. గాజు పలక. ముందూ వెనకా తడిమింది. నున్నగా ఉంది, వేలికి ఒక్క అక్షరం తగల్లేదు.

"ఏం రాశారు పెదనాన్నా?"

"నీ పేరు. అంతకంటే పెద్దగా ఆయన పేరు."

"బరువు బాగానే ఉంది. కాగితాలెగరకుండా పెట్టండి."