కారణం గడిలో జ్వరం

రాజమండ్రి నుంచి కోరుకొండ వెళ్ళే దారిలో ఒక పచ్చళ్ళ యూనిట్‌లో నేను సూపర్‌వైజర్‌ని. కోనసీమలో అర్చకుల ఇంట పుట్టాను. స్తోత్రాలు నోటికి వచ్చాకే అక్షరాలు దిద్దాను. ఇప్పటికీ శనివారాలు మా వీధి ఆడవాళ్ళను కూర్చోబెట్టి పారాయణ చేయిస్తాను. పచ్చడి శుచిగా కలపాలన్నది మా అమ్మమ్మ నాటి నియమం. నాకు అందులో సందేహం లేదు.

మా యూనిట్‌లో పచ్చడి కలిపే బల్ల దగ్గర ముగ్గురే ఆడవాళ్ళు. ఇద్దరు పెద్దవాళ్ళు, నెలసరి ఎప్పుడో ఆగిపోయింది. మూడో ఆవిడ రామచంద్రపురం వైపు నుంచి వచ్చింది, ముప్ఫై దాటిన మనిషి. ఉప్పు, ఆవపిండి చేత్తో పట్టుకుని చాలిందో లేదో చెప్పేస్తుంది. ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తుంది. నెలకు నాలుగు రోజులు ఆమె వచ్చి నా పక్కన తలవంచుకుని నిలబడేది. నేను లేబుళ్ళ గదికి పంపేదాన్ని. ఇద్దరం పైకి ఒక్క మాట అనుకునేవాళ్ళం కాదు.

విదేశాలకు సరుకు పంపాలని మా యజమాని క్వాలిటీ సర్టిఫికెట్‌కు సిద్ధమయ్యారు. అందుకోసం పెట్టుకున్న కన్సల్టెంట్‌గారు ప్రతి పనికీ ఒక రిజిస్టర్ తెరిపించారు. మనిషిని ఒక పని నుంచి ఇంకో పనికి మారిస్తే పేరు, తేదీ, కారణం రాయాలి.

కారణం గడి దగ్గర నా పెన్ను ఆగింది. మగవాళ్ళు తిరగేసే పుస్తకంలో ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. "జ్వరం" అని రాశాను. ఆడవారి మానం కాపాడడానికి ఆడిన అబద్ధానికి దోషం లేదని పురాణంలో విన్నాను. ఆ ధైర్యంతోనే తరువాతి నెలా రాశాను, ఆ తరువాతా రాశాను.

సర్టిఫికెట్ కోసం జరిగే ఆడిట్ ఇంకో పది రోజులుందనగా నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. రిజిస్టర్ బల్ల మీద తెరిచి ఉంది.

"ఈవిడకి నెలనెలా జ్వరం ఏంటి మేడమ్?" అన్నారు కన్సల్టెంట్‌గారు. "ఐదు నెలల్లో ఐదుసార్లు. జ్వరమొచ్చిన మనిషిని అసలు గేటు లోపలికే రానివ్వకూడదు కదండి."

"కొంపదీసి టీబీ గట్రా కాదు గదా?" అన్నారు యజమాని.

"ఏ జబ్బయినా సరే, ఆడిటర్ మొదట పట్టుకునేది దీన్నేనండి. ఆవిణ్ణి మానిపించేస్తే మనం సేఫ్."

యజమాని నా వైపు తిరిగారు. "రేపట్నుంచి రావద్దని చెప్పేయండమ్మా."

తల ఊపి బయటికి వచ్చేశాను.

ఆమె ఆ రోజు లేబుళ్ళ గదిలోనే ఉంది. ఆ గది ఆఫీసు కిటికీ పక్కనే కావడంతో అంతా విన్నది.

"ఏంటండి అమ్మగారూ, నాకు జబ్బంట? నాకు చెప్పకుండా ఎప్పుడొచ్చిందండి?"

"మెల్లగా మాట్లాడు."

"మెల్లగా ఎందుకండి? మా ఇంట్లో ఇయ్యన్నీ పాటించం. మీ మీద గౌరవంతో జరిగాను. జరిగినందుకు పని పోద్దా?"

పురాణంలో ఆ సడలింపు ఉన్నది ఆడదాన్ని కాపాడడానికి. నా అబద్ధం ఆమె నోటి దగ్గరి కూడు లాగేస్తోంది. మళ్ళీ ఆఫీసు గదికి నడిచాను. ఆ పది అడుగులూ నాకు చాలా దూరమనిపించాయి.

"అది జ్వరం కాదండి, నెలసరి. సిగ్గుపడి అబద్ధం రాసింది నేను," అన్నాను.

యజమాని ఫ్యాను వైపు చూశారు. కన్సల్టెంట్‌గారు కాసేపు లాప్‌టాప్‌లో ఏదో వెతికారు.

"అయితే అది జబ్బు కాదన్నమాట," అన్నారు.

"జబ్బు కాదండి."

"మరి బల్ల దగ్గర్నుంచి ఎందుకు తప్పించినట్టు?"

"మా ఆచారమండి."

"ఆచారానికి ఇందులో చోటు లేదు మేడమ్. జబ్బయితే పంపేయాలి, కాకపోతే పనిలో ఉంచాలి. ఏదో ఒకటి చెప్పండి."

"పనిలోనే ఉంచుతాను," అన్నాను. ఆ మాట మా అమ్మమ్మ వింటున్నట్టే అనిపించింది.

రిజిస్టర్‌లో తప్పును చెరిపేయకూడదట. కింది అక్షరాలు కనబడేలా ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. ఐదు జ్వరాల మీదా గీతలు కొట్టి, ఐదు సంతకాలు పెట్టాను. తరువాత లేబుళ్ళ గది గుమ్మంలో నిలబడ్డాను.

"బల్ల దగ్గరికి రా."

"ఇవాళ రెండో రోజేనండి," అందామె, నన్ను పరీక్షగా చూస్తూ.

"తెలుసు. రా."

ఆమె చేతులు కడుక్కుని, గ్లౌజులు వేసుకుని, తన చోట నిలబడింది. పెద్దవాళ్ళలో ఒకావిడ, "ఏమే, జ్వరం తగ్గిందా?" అంది. ఇంకొకావిడ కిసుక్కుమంది. ఆమె నవ్వలేదు.

"నూనె పోయండి అమ్మగారూ," అంది.

క్యాను ఎత్తి పోశాను. నా పెదవుల మీద దేవుడి నామం కదులుతూనే ఉంది. రాసిన అబద్ధానికి క్షమాపణ అడుగుతున్నానో, పోస్తున్న నూనెకు అడుగుతున్నానో నాకే తెలియలేదు.