ముందు తప్పు నొక్కే మేడం

దిల్‌సుఖ్‌నగర్‌లో మా బడికి కంప్యూటర్ ఆటల సీడీలు వస్తే, పిల్లలకు పనికొస్తాయో లేదో మా లెక్కల మేడమే తేల్చేది. ముందు అన్నీ తప్పు జవాబులే నొక్కేది.

"ఎందుకండీ?" అన్నాను, కంప్యూటర్ గది చూసుకునే నేను.

"జవాబొచ్చిన పిల్లలను అందరు మెచ్చుకుంటరు. రానోళ్లతోని ఇది ఎట్ల మాట్లాడ్తదో చూడాలె గద!"

తప్పుకు వెక్కిరింపు నవ్వు వినిపిస్తే ఆ సీడీ వెనక్కే.

తెలంగాణ ఉద్యమంలో ఆమె తమ్ముడు పోయాడు, ఇంకా చదువుకుంటున్నవాడు. దినాలయ్యాక, బంద్‌తో బస్సుల్లేకపోయినా ఎల్‌బీ నగర్ నుంచి నడిచొచ్చి కొత్త సీడీ పెట్టింది. అన్నీ సరైనవే నొక్కింది. కంప్యూటర్ చప్పట్లు కొట్టింది.

"తప్పులు చూడరా మేడం?"

"మంచిగనే ఉంది, తీస్కోండ్రి" అని సంతకం పెట్టింది.

మర్నాడు ఆమె క్లాసులోనే ఓ పిల్ల ఆ కొత్త ఆటలో తప్పు నొక్కింది. కంప్యూటర్ పకపకా నవ్వింది. మేడం తలెత్తలేదు.