సిస్టర్ చెప్పిన సారీ

బ్రిటన్‌లోని కార్డిఫ్ ఆసుపత్రి ఐసీయూలో అన్నయ్యను చూసుకున్న సిస్టర్ పేరు నాకిప్పుడు గుర్తు లేదు. మందులకు లొంగని సూపర్‌బగ్ క్రిమి అంటూ పేపర్లన్నీ గోల పెడుతున్న రోజులవి. అన్నయ్య నిమోనియాతో వెంటిలేటర్ మీద స్పృహ లేకుండా ఉన్నా సరే, ముట్టుకునే ముందు ఆమె అతని చెవి దగ్గర వంగి, ఏం చేయబోతోందో చెప్పేది.

"వినపడని మనిషితో ఏం మాటలో," అని వదిన నా దగ్గర విసుక్కునేది.

ఊపిరితిత్తులు తేరుకుంటున్నాయని సంబరపడేలోపే అన్నయ్యకు మళ్ళీ జ్వరం ముంచుకొచ్చింది. మందులు ఎక్కించడానికి మెడ దగ్గర నరంలో పెట్టిన లైన్ అనే సన్నటి గొట్టం నుంచి రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకిందట. "ఐసీయూలో ఇలా అవుతుంటుంది," అనేసి పెద్ద డాక్టరు వెళ్ళిపోయాడు. వదినకు చాలా కోపమొచ్చింది.

ఆ లైన్ తీయడానికి సిస్టర్ వచ్చి, అన్నయ్య మీదికి వంగింది.

"మేం పెట్టిన లైన్ వల్లే మీకీ జ్వరం. ఇప్పుడు తీసేస్తున్నాను. సారీ," అంది మెల్లగా, ఇంగ్లీషులో.

వదిన లేచి మంచానికి అటువైపు వెళ్ళింది. "ఏవండీ, ఈవిడ మీకు సారీ చెప్తోంది. వింటున్నారా?" అంటూ ఏడ్చేసింది.

మార్చిన మందులు పనిచేశాయి. అన్నయ్య నెమ్మదిగా కోలుకుని ఇంటికొచ్చాడు. ఒకరోజు వదిన ఈ సంగతంతా చెబితే, "ఆ లైన్ ఆవిడే పెట్టిందా?" అని అడిగాడు.

"కాదు, ఎవరో డాక్టరు."

"మరి ఆవిడెందుకు చెప్పింది సారీ?"

"ఎవరూ ఆ మాట చెప్పకుండానే మీరు పోతారేమోనని భయపడి ఉంటుందండీ," అంది వదిన.