సూడి బర్రె, ఇరవై నాలుగు గుండుసూదులు

నవ్వితే నవ్వండి, ముందే ఒప్పుకుంటున్నాను. నారాయణఖేడ్‌లో నాకు అన్నం పెట్టిన ఇంటి బర్రెను చంపినంత పని చేశాను. అదీ కత్తితో కాదు, సర్కారు గుండుసూదితో.

ఎనభైల నాటి మాట. హైదరాబాదు నుంచి అక్కడి ఆఫీసుకు కొత్త గుమాస్తాగా వెళ్లాను. నాలాంటి ఒంటిగాళ్లకు గదీ భోజనమూ ఇచ్చే ఇల్లు ఒక్కటే, బసమ్మక్కది. ఆ ఇంట్లో ఏదీ వృథా పోకూడదు. స్నానం నీళ్లు గోంగూర మడికి, పొయ్యిలో బూడిద గిన్నెలకు. కంచాలు కడిగితే నీళ్లు దండుగని తిండి మోదుగాకు విస్తర్లలోనే. ఎవరి విస్తరి వాళ్లే చీపురుపుల్లలతో కుట్టుకోవాలి.

నేను కుట్టినవి వడ్డించేలోపే విడిపోయేవి. వారం రోజులు పప్పు నా ఒళ్లోనే తిన్నాను.

"ఏంది సారూ, గింత సదువు సదివినవ్, రెండు ఆకులు కలపరాదా?" అంది బసమ్మక్క. "ఆదివారం సిర్గాపూర్ నుంచి మా అన్నోళ్లు వస్తుండ్రు. ఆరు విస్తర్లు నువ్వే కుట్టాలె. చారు కారిందా, ఇగ గది ఖాళీ చెయ్యి!"

నాకు పంతం వచ్చింది. పంతం వస్తే నాకు బుద్ధి పనిచేయదు, ఆ సంగతి అప్పటికి తెలీదు. ఆఫీసు డబ్బాలోంచి ఇరవై నాలుగు గుండుసూదులు లెక్కపెట్టి తెచ్చాను. ఫైలు కాగితాల్లా ఆకులన్నీ బిగించేశాను.

ఆదివారం ఒక్క చుక్క కారలేదు. బసమ్మక్క వాళ్లన్న వేలికి ఒకటి గుచ్చుకుంటే "పుల్లలు మంచి గట్టిగున్నయి" అని మెచ్చుకున్నాడు కూడా. నేను మీసం తిప్పాను. మీసం లేదనుకోండి, అయినా తిప్పాను.

భోజనాలయ్యాక పెరట్లోకి చూస్తే బసమ్మక్క ఎంగిలి విస్తర్లు బర్రె తొట్టిలో వేస్తోంది!

"అక్కా, ఆగు! బర్రె తింటది!"

"తినక సదువుతదా? రోజూ గివే గద తినేది."

"వాటిల గుండుసూదులున్నయక్కా!"

ఆమె నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఇద్దరం మోచేతుల దాకా కుడితిలో దేవాం. బర్రె నోట్లోంచి కూడా ఒక ఆకు లాగాను. దొరికినవి ఇరవై మూడు.

పశువుల డాక్టరు వచ్చి చూశాడు. "సూది లోపలికి పోతే నెమరు బంద్ చేస్తది. మూడు దినాలు చూడుండ్రి. పెండ గూడ చూడుండ్రి."

అది సూడి బర్రె. నెలలో ఈనాలి. బసమ్మక్క దాని మెడ పట్టుకొని ఏడుస్తుంటే నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"సూది దొరికేదాకా కొట్టం దాటనక్కా" అన్నాను. దాటలేదు. 'బర్రె నెమరు గమనించుటకై' మూడు రోజుల సెలవు కోరుతూ ఆఫీసుకు చీటీ పంపాను. రేడియో రిపేరు దుకాణం నుంచి అయస్కాంతం తెప్పించి, పడ్డ పెండ పడ్డట్టే గాలించాను. స్నానం లేదు, బట్టలు మార్చలేదు. చివరికి బర్రే నన్ను చూసి ముఖం తిప్పుకునేది.

మూడో రోజు మధ్యాహ్నం బసమ్మక్క జొన్నరొట్టె తెచ్చింది. బర్రె హాయిగా నెమరేస్తోంది. నేను అయస్కాంతం పట్టుకొని లేచాను. అది చటుక్కున నా నడుముకే అతుక్కుంది.

"గదేంది, గా ప్యాంటుకు?"

చూసుకున్నాను. ఆదివారం పొద్దున విస్తర్లు కుట్టబోతే గుండీ తెగింది. చేతిలో ఉన్న సూదితోనే ప్యాంటు బిగించి, మరిచిపోయాను!

బసమ్మక్క చెయ్యి చాపింది. "ఇటియ్యి."

"అక్కా, ఇస్తే..."

"ఇటియ్యి అంటున్న!"

ఇచ్చాను. ఒక చేత్తో బర్రె కొమ్ము, ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకొని ఆమె ఎదుట ప్రమాణం చేశాను: నడిబజార్లో ప్యాంటు ఊడినా సరే, ఈ జన్మలో గుండుసూది ముట్టను.