తోమిన డబ్బాలో నీళ్ళు

ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఊరి చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక మా నూతినీళ్ళు ఉప్పుబారిపోయాయి. పప్పు కూడా ఉడికేది కాదు. గోదావరి కాలువ పక్కనే ఉంది గానీ, చెరువుల మురుగంతా అందులోకే వదిలేవారు. అందుకని పక్కూరి మంచినీళ్ళ ఫిల్టరు దగ్గర నీళ్ళు పట్టి, సైకిలుకు రెండు ప్లాస్టిక్ డబ్బాలు కట్టి తెచ్చేవాణ్ణి.

పాత్రన్నాక తోమాల్సిందే మా ఆవిడకి. ఇత్తడి బిందెను తోమినట్టే ఆ డబ్బాల్లోనూ ఇసుక వేసి, కర్రకు కొబ్బరిపీచు కట్టి రుద్దేది.

ఆ ఏడు మా అమ్మాయి పురిటికి వచ్చింది. కాన్పయ్యాక దానికి పాలు చాలలేదు. పసిదానికి నీళ్ళలో పొడి కలిపిన పోతపాలే గతి. ఒక పొద్దున గ్లాసు ఎండకెత్తి చూస్తే నీళ్ళలో సన్నటి తెల్లపొట్టు తిరుగుతోంది. ఇసుకైతే అడుక్కి దిగాలి. ఇది దిగలేదు. డబ్బాలో వేలు పెట్టి చూశాను. లోపలంతా గరుకు.

"డబ్బానే అరగదీశావు. అదే రాలి నీళ్ళలో పడుతోంది," అన్నాను.

"తోమకపోతే పాచి పడుతుందండీ. పసిదానికి పాచినీళ్ళు పట్టమంటారా?"

"కాచి పోద్దాంలే నాన్నా," అంది అమ్మాయి.

"కాస్తే పురుగు చస్తుంది. ప్లాస్టిక్కుకి ప్రాణముందా, చావడానికి?"

మా ఆవిడ నవ్వలేదు. "యాభై దాటాక నాలుగక్షరాలు వచ్చేసరికి డాక్టరుగారైపోయారు. మరి ఏం చెయ్యాలో కూడా చెప్పండి."

పాత పంచె మడతలు వేసి వడకట్టాం. పెద్దవి గుడ్డ మీద నిలిచాయి. సన్నవి నిలవలేదు.

సాయంత్రం ఇత్తడి బిందె భుజాన పెట్టుకుని ఫిల్టరుకు నడిచాను.

"ఏంటండీ బాబాయిగారూ, పెళ్ళికా బిందె?" అన్నాడు ఫిల్టరు నడిపే ఆయన.

బిందె నిండుతుంటే తలెత్తి చూశాను. మేడ మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు. అక్కణ్ణుంచి కుళాయి దాకా ప్లాస్టిక్ గొట్టమే.

"ఆ ట్యాంకు లోపల కడుగుతారా?"

"ఆయ్, బ్రష్షులు పెట్టి గట్టిగా తోమిస్తామండి. శుభ్రంలో మాకు పేరుందండి."

పారబోసి ఇంకెక్కడికి పోను? ఇంటికి తెచ్చాను. బిందె చూసి మా ఆవిడ మొహం విప్పారింది. ట్యాంకు సంగతి చెప్పాక మళ్ళీ పంచెగుడ్డ అందుకుంది.

ఆ ప్లాస్టిక్ రజను ఒంట్లో చేరి ఏం చేస్తుందో ఇప్పటికీ తేలుస్తూనే ఉన్నారని పేపర్లో చదువుతుంటాను. ఆ పూట మా ఇంట్లో పసిది ఆకలికి గుక్కపట్టింది. అమ్మాయి నీళ్ళు కాచి, చల్లార్చి, పొడి కలిపి సీసాలో పోసింది. ఆ సీసా కూడా ప్లాస్టిక్కే. పసిది గుటకలు వేస్తుంటే ముగ్గురం దాని గొంతు వైపే చూస్తూ కూర్చున్నాం.